దుబాసీ చేతిలోని అమానతు

మన కళాశాలలో ఒకే వరండాకు ఒక ప్రక్క ఉర్దూ తరగతులు, మరొక ప్రక్క తెలుగు తరగతులు జరుగుచుండును. ఇరు ప్రక్కలకు రాకపోకలు సాగించు మనకందరకు ఒక సంగతి అనుభవములోనిదే. మాటను ఒక భాషనుండి మరొక భాషకు మార్చుట అంత కష్టము కాదు. ఆ మాట వెంట వచ్చు బాధ్యతను మార్చుటయే కష్టము. "ఈ పుస్తకము మీ దగ్గర ఉండనీయండి" అని ఒకరు అన్నప్పుడు, అది బహుమానమా, ఎరువా, అమానతా అనునది దుబాసీ తేటగా చెప్పని యెడల పుస్తకమును పోవును, స్నేహమును పోవును. కంప్యూటరు శాస్త్రము చదువు మన విద్యార్థులకు ఈ చిక్కు ప్రతిదినము ఎదురగుచున్నది. వారు దానిని చిక్కుగా గుర్తించుట లేదనియు, గుర్తింపజేయు ఏర్పాటు మన ప్రయోగశాలలో లేదనియు మా అభిప్రాయము. దానిని విద్యార్థుల ముందును, కమిటీ పెద్దల ముందును ఉంచుచున్నాము.

ఒక భాషలో వ్రాసిన ప్రోగ్రాము మరొక భాషలో వ్రాసిన ఫంక్షనును పిలుచుకొనుటకు ఏర్పడిన ద్వారమునకు ఫారిన్ ఫంక్షన్ ఇంటర్‌ఫేస్ అని పేరు. మన విద్యార్థులు ఎక్కువగా వాడునది పైథాన్ భాష; గైడో వాన్ రోసమ్ దానిని 1991లో లోకమునకు అందించెను. అందులో వ్రాయుట సుఖము. కాని లెక్కల వేగము కొరకు గాని, ఏనాటినుండియో ఉన్న మంచి లైబ్రరీల కొరకు గాని అది సీ భాష గడప తొక్కక తప్పదు. ఎస్క్యూలైట్ డేటాబేసును పైథాన్ ద్వారా వాడు విద్యార్థి, తనకు తెలియకనే, సీ భాషతో మాటాడుచున్నాడు.

మెమరీ విషయములో ఈ రెండు భాషల ఆచారములు వేరు. 1970వ దశకపు తొలినాళ్లలో బెల్ లేబొరేటరీస్‌లో డెనిస్ రిచీ తీర్చిదిద్దిన సీ భాషలో, మేలాక్ అని అడిగి పుచ్చుకొన్న స్థలమును ఫ్రీ అని చెప్పి తిరిగి ఇవ్వవలెను. ఇవ్వకున్న అడుగువారు లేరు. పైథాన్‌లోనో, ప్రతి వస్తువును ఎందరు పట్టుకొనియున్నారో ఒక లెక్క వ్రాసియుండును. ఆ లెక్క సున్న కాగానే వస్తువు దానంతట అదే తొలగిపోవును. ఒకదానినొకటి పట్టుకొని కూర్చున్న వస్తువుల కొరకు వేరొక ఊడ్పు ఏర్పాటు 2000 సంవత్సరమున వచ్చిన 2.0 ప్రతిలో చేరినది. సీ ఇంటిలో ఎవరి కంచము వారే కడుగుకొనవలెను. పైథాన్ ఇంటిలో కడుగువారున్నారు. కష్టమంతయు గడపమీద మిగిలిపోయిన కంచమును గూర్చియే.

గత సంవత్సరము మా ప్రయోగశాలలో కొందరు విద్యార్థులు ఈ వార్షిక సంచిక పాత ప్రతులలోని ఉర్దూ, తెలుగు పదములన్నిటికి ఒక సూచిక తయారుచేయ పూనుకొనిరి. పుటలను చదువు భాగము పైథాన్‌లో వ్రాసిరి. పదముల రూపమును సరిచేయు ఫంక్షనును వేగము కొరకు సీ భాషలో వ్రాసిరి. పది పుటలతో పరీక్షింపగా చక్కగా వచ్చెను. మేమును చూచి సంతోషించితిమి. తరువాత ప్రతులన్నిటిని ఒక్క రాత్రిలో నడుపుటకు పెట్టి తలుపు వేసి పోయిరి. తెల్లవారి చూడగా తెరమీద 'కిల్డ్' అను ఒక్క మాట తప్ప మరేమియు లేదు. మెమరీ అంతయు మ్రింగిన ప్రోగ్రామును లైనక్స్ తానే చంపివేసెను. యంత్రమునకు మెమరీ చాలలేదని తేల్చి, మరి 8 జీబీ కొనిపెట్టవలెనని విద్యార్థులు కమిటీకి అర్జీ వ్రాసిరి. ఆ అర్జీమీద మేమును సంతకము చేసితిమి. ఇది దాచుకొనదగిన సంగతి కాదు.

జరిగినది ఇది. సీ ఫంక్షను ప్రతి పదమునకు, ఎందుకైనను మంచిదని, 4096 బైట్ల స్థలము పుచ్చుకొని, అందులో సరిచేసిన పదమును వ్రాసి, ఆ చిరునామాను పైథాన్‌కు అప్పగించుచుండెను. లైనక్స్‌లోని గ్లిబ్‌సీ తన గుర్తులు కూడ కలుపుకొని దానికి 4112 బైట్లు కేటాయించును. పది లక్షల పదములకు 411 కోట్ల బైట్లు. యంత్రములో ఉన్నది 4 జీబీ. మరి 8 జీబీ కొనియున్నచో మరి ఇరువది లక్షల పదములకు సరిపోయెడిది, అంతే.

ఆ స్థలమును తిరిగి ఇవ్వవలసినవారు ఎవరు? సీ ఫంక్షను, తాను అప్పగించితిని గనుక పుచ్చుకొన్నవారే చూచుకొందురని ఊరకుండెను. పైథాన్, తనకు అందినది పదము మాత్రమేనని ఊరకుండెను. ఈ రెంటికి నడుమ నిలిచినది సీటైప్స్ అను దుబాసీ. 2006లో పైథాన్ 2.5 ప్రతితో కలిసి వచ్చినది. ఫంక్షను తిరిగి ఇచ్చునది 'సీ చార్ పీ' అని దానికి చెప్పిన యెడల, అది ఆ చిరునామాకు పోయి, అచటి అక్షరములకు నకలు తీసి, నకలును మన చేతికిచ్చి, అసలు చిరునామాను పారవేయును. ఆ తరువాత ఫ్రీ అనదలచినను దేనిని ఫ్రీ అనవలెనో మనకు తెలియదు. ఇందులో దుబాసీ దోషము లేదు. ఇట్లు మార్చి ఇత్తునని దాని పత్రములలో వ్రాసియే యున్నది, మేము చదువలేదు. 'సీ వాయిడ్ పీ' అని ప్రకటించి చిరునామాను చిరునామాగనే పుచ్చుకొని, 'స్ట్రింగ్ ఎట్' ద్వారా నకలు తీసికొని, పిదప ఆ లైబ్రరీవారే ఇచ్చిన విడుదల ఫంక్షనును పిలువవలెను. మూడు పంక్తుల పని.

ఈ కారణము తెలియకముందు ఒక చతురుడైన విద్యార్థి 4096కు బదులు పదమునకు సరిపడునంత స్థలమే పుచ్చుకొనునట్లు ఫంక్షనును మార్చెను. ప్రోగ్రాము తెల్లవారుసరికి ముగిసెను, మిఠాయి పంచిరి. మా దృష్టిలో ఈ కథయందు అన్నిటికంటె ప్రమాదకరమైన ఘట్టము ఆ మిఠాయి పంచిన ఉదయమే. లీకు ఎక్కడికిని పోలేదు, చిన్నదయ్యెను. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతము ఒక్కొక్కటి 3 బైట్లు, ఉర్దూ అక్షరము 2 బైట్లు. 'పుస్తకము' అను పదమునకు సంకేతములు 8, అనగా 24 బైట్లు, చివరి సున్నతో 25; 64 బిట్ల యంత్రములో గ్లిబ్‌సీ దానికి 48 బైట్లు ఇచ్చును. 'కితాబ్' అను పదము ఉర్దూ లిపిలో 4 అక్షరములు, 8 బైట్లు, సున్నతో 9. దానికి 32 బైట్లు ఇచ్చును. పోగొట్టుకొనుటలో తెలుగువారే ముందున్నారని ఉర్దూ విభాగపు మిత్రులు ఇప్పటికిని పరిహాసము చేయుచున్నారు. పదమునకు 48 చొప్పున పది లక్షల పదములకు 4 కోట్ల 80 లక్షల బైట్లు. ఒక రాత్రి పనిలో అది కంటికి ఆనదు. అదే ఫంక్షను నెలల తరబడి ఆగక నడుచు సర్వరులోనికి పోయియున్న యెడల?

ఇట్టి చిన్న లీకు ఏమి చేయగలదో లండను నగరము చూచినది. అచటి అంబులెన్స్ సర్వీసువారు కంప్యూటరు ద్వారా వాహనములను పంపు పద్ధతిని 1992 అక్టోబరు 26న పూర్తిగా ప్రవేశపెట్టిరి. తొలి రెండు దినములలో అది పడిన అవస్థలకు కారణములు అనేకములు. కాని నవంబరు 4న, అర్ధరాత్రి దాటిన తరువాత, అది నెమ్మదించి పూర్తిగా స్తంభించుటకు విచారణ సంఘము చూపిన కారణము సామాన్యమైనది. మూడు వారముల క్రితము ఒక ప్రోగ్రామరు విడిచిపెట్టిన కొద్దిపాటి కోడు, వాహనమును పంపినప్పుడెల్ల ఫైలు సర్వరులో కొంచెము మెమరీని పుచ్చుకొని తిరిగి ఇవ్వకుండెను. మూడు వారములలో ఉన్నదంతయు హరించిపోయెను. ప్రత్యామ్నాయముగా ఉంచిన సర్వరు కూడ అందుకొనలేదు. సిబ్బంది కాగితములకు మరలవలసి వచ్చెను. ఆ లీకు రెండు భాషల సరిహద్దులోనిదని మేము చెప్పుట లేదు. సరిహద్దులోని లీకును పట్టుకొనుట దానికంటెను కష్టమని చెప్పుచున్నాము.

ఎందుకనగా, ఇరు ప్రక్కల కావలివారు తమ తమ హద్దువరకే చూతురు. పైథాన్‌లో మెమరీ లెక్క చూపుటకు ట్రేస్‌మాలాక్ అను సాధనము 2014లో 3.4 ప్రతితో వచ్చినది. అది పైథాన్ తాను పంచిన మెమరీని మాత్రమే చూపును. మా సూచిక ప్రోగ్రాము యంత్రమునంతటిని మ్రింగుచున్నను ట్రేస్‌మాలాక్ చిట్టా శుభ్రముగనే యుండెను. చిట్టా శుభ్రముగ ఉన్నందున మేము రెండు దినములు వేరుచోట వెదకితిమి. జావాలోను ఇదే స్థితి. జావా వస్తువుల కుప్పను ఎంత శోధించినను, దాని వెనుక సీ లైబ్రరీ పుచ్చుకొన్న స్థలము అందులో కనబడదు.

సీటైప్స్‌ను విడిచి పైథాన్ వారి సీ ఏపీఐతో నేరుగా వ్రాయువారికి అమానతు ప్రశ్న మరింత సూక్ష్మమగును. అచట ఒక వస్తువును గూర్చిన ఆధారము మూడు విధములుగా చేతులు మారును: సొంతముగా వచ్చునది, ఎరువుగా వచ్చునది, మన చేతిలోనిదానిని అవతలివారు తమదిగా చేసికొనునది. ఈ మూడవదానికి ఆ పత్రములలోనే దొంగిలింపు అని పేరు పెట్టియున్నారు. ఆ నిజాయితీ మాకు నచ్చినది. 'పై లిస్ట్ గెట్ ఐటెమ్' ఇచ్చునది ఎరువు. దానిని మనము విడుదల చేయరాదు. 'పై లిస్ట్ సెట్ ఐటెమ్' మన ఆధారమును దొంగిలించును. ఆ తరువాతను మనము విడుదల చేయరాదు. దానికి తోబుట్టువువలె కనబడు 'పై డిక్ట్ సెట్ ఐటెమ్' మాత్రము దొంగిలింపదు. తన లెక్క తాను వ్రాసికొనును, మన ఆధారమును మనమే విడుదల చేయవలెను. చేయకున్న ఆ వస్తువు ప్రోగ్రాము ముగియువరకు బ్రతికియుండును. పేర్లు చూచి ఊహించు విద్యార్థి ఇచట తప్పక పడును. ఒక్కొక్క ఫంక్షను గూర్చి పత్రము తెరచి చదువుట తప్ప వేరు దారి లేదు.

ఈ మాటలు చెప్పినప్పుడు విద్యార్థులు రెండు ఆక్షేపణలు తెచ్చుచున్నారు. మొదటిది, ప్రోగ్రాము ముగియగానే ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీనంతటిని తిరిగి పుచ్చుకొనును గదా అనునది. నిజమే. ఒక్క మారు నడిచి ముగియు చిన్న పనికి ఈ శ్రమ అక్కరలేదని మేమును ఒప్పుకొందుము. కాని లైబ్రరీ వ్రాసినవారికి తమ ఫంక్షను ఏ ఇంటికి పోవునో తెలియదు. రెండవది, క్రొత్త భాషలు వచ్చినవి గనుక ఈ బాధ తీరిపోయినదనునది. ఇది నిజము కాదు. 2015లో 1.0 ప్రతి వెలువడిన రస్ట్ భాష అనేక ప్రమాదములను కంపైలరు వద్దనే ఆపుచున్నది. కాని మెమరీ లీకు జరుగదని అది హామీ ఇవ్వలేదు. రస్ట్‌లోని 'సీ స్ట్రింగ్'ను 'ఇన్‌టు రా' అని సీ చేతికి ఇచ్చిన యెడల, దానిని మరల రస్ట్‌కే తెచ్చి 'ఫ్రమ్ రా' ద్వారా విడుదల చేయవలెను. సీ వారి ఫ్రీతో విడుదల చేయరాదు. జావాలో 'గెట్ స్ట్రింగ్ యూటీఎఫ్ చార్స్' అని పుచ్చుకొన్న ప్రతిదానికి 'రిలీజ్ స్ట్రింగ్ యూటీఎఫ్ చార్స్' అని అప్పగింత ఉండవలెను. 2024 మార్చిలో వచ్చిన జావా 22లో ఈ స్థలములన్నిటిని ఒక అరీనాలో ఉంచి, అరీనాను మూసినప్పుడు అన్నిటిని ఒక్కమారే విడుదల చేయు పద్ధతి స్థిరపడినది, మంచి మార్పే. అయినను అవతలి లైబ్రరీ తాను మేలాక్ చేసి ఇచ్చినది ఎవరిదో అరీనాకు ఎవరో ఒకరు చెప్పవలెను గదా.

ఇక పరీక్షించు విధము. అన్నిటికంటె ముందు చేయదగినది కాగితము మీది పని: సరిహద్దు దాటు ప్రతి ఫంక్షనుకు ఎదురుగా స్థలము ఇచ్చునది ఎవరు, ఉంచుకొనునది ఎవరు, ఏ ఫంక్షను ద్వారా విడుదల అను మూడు మాటలు వ్రాసియుంచవలెను. మా విద్యార్థులు ఇది వ్రాయ కూర్చున్ననాడు తమ పదునొకండు ఫంక్షనులలో నాలుగింటికి జవాబు తమకే తెలియదని కనుగొనిరి. ఏ సాధనమును నడుపకముందే ఇంత బయటపడెను.

తరువాత ఒకే ఫంక్షనును ఒకే పదముతో లక్ష మార్లు పిలిచి, పదివేల పిలుపులకు ఒకమారు ప్రాసెసు మెమరీని వ్రాసికొనవలెను. తొలి అంకెలను నమ్మరాదు; లైబ్రరీలు మొదట కొంత స్థలమును తమకై సిద్ధము చేసికొనును. పైథాన్‌ను నిర్మించువారు సైతము తమ పరీక్షలను కొన్ని మార్లు ఊరకే నడిపి, ఆ తరువాతి మార్లలో మాత్రమే ఆధారముల లెక్క చూతురు. మెమరీ పెరిగి ఒక చోట నిలిచిపోయిన భయము లేదు. ఫ్రీ చేసిన స్థలమెల్ల వెంటనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరదు గనుక అంకె తగ్గకపోవుట కూడ నేరము కాదు. ప్రతి పదివేలకు ఒకే కొలతలో మెట్టు ఎక్కుచున్న యెడల మాత్రము సందేహింప పనిలేదు. మా ఫంక్షనులో ఆ మెట్టు 4 లక్షల 80 వేల బైట్లు. దానిని పదివేలతో భాగింపగా 48 వచ్చినప్పుడు, వెదకవలసిన వస్తువు పరిమాణము కూడ తెలిసిపోయెను. ఇంతకు ఏ సాధనమును కొననక్కరలేదు.

ఎచట పోవుచున్నదో తెలియుటకు వాల్‌గ్రిండ్ ఉన్నది. జూలియన్ సీవర్డ్ దానిని 2002లో వెలువరించెను. నార్స్ పురాణములలోని వాల్‌హల్లా సింహద్వారపు పేరు దానికి పెట్టిరి. పోయిన మెమరీని అది నిశ్చయముగా పోయినది, దానివలన పరోక్షముగా పోయినది, పోయియుండవచ్చునది, ఇంకను అందుబాటులో ఉన్నది అని విభజించి, ఏ పంక్తిలో మేలాక్ జరిగెనో చూపును. మొదటి వర్గమును విడువరాదు; చివరిదానిని చూచి బెదరిపోనక్కరలేదు. పైథాన్ చిన్న వస్తువులకు తన సొంత పంపకమును వాడుకొనును గనుక, 3.6 ప్రతినుండి లభించుచున్న 'పైథాన్ మాలాక్' అను అమరికను 'మాలాక్' అని పెట్టిననేగాని వాల్‌గ్రిండ్‌కు వాటిలోని లీకులు సరిగా కనబడవు. ఇది తెలియక, ఏమియు లేదని తేల్చుకొన్నవారిని మేము చూచితిమి. ప్రోగ్రాము ఇరువది ముప్పది రెట్లు నెమ్మదించును, ఓర్చుకొనవలెను. ఓర్పు లేనివారికి 2012లో గూగుల్ వారు ప్రకటించిన అడ్రెస్ శానిటైజరు, దానితో కూడిన లీక్ శానిటైజరు ఉన్నవి. అవి సుమారు రెండు రెట్లు మాత్రమే నెమ్మదింపజేయును, కాని సీ కోడును మరల కంపైలు చేయవలెను. ఏ సాధనమైనను ముగింపులో పైథాన్ తాను విడువక వదలిన కొంత మెమరీని కూడ చూపును. ఆ రొదను అణచుటకు మినహాయింపుల జాబితా ఇవ్వవచ్చును. ఆ జాబితాలో విసుగుతో తమ సొంత ఫంక్షనులను కూడ చేర్చిన పుణ్యాత్ములున్నారు.

విద్యార్థులు ఎన్నడును పరీక్షింపనిది పొరపాటు దారి. ఫైలు తెరుచుకొనలేదు, అక్షరము చెల్లలేదు, ఫంక్షను నడుమనే వెనుకకు మరలెను. అంతకుముందు పుచ్చుకొన్న స్థలము ఏమయ్యెను? 2012 అక్టోబరు 22న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ వారి క్లౌడ్ సేవలు దెబ్బతినుటకు మూలము ఇట్టిదే. ఒక సర్వరును తొలగించి క్రొత్తది పెట్టినప్పుడు, ఆ చిరునామా మార్పు కొన్ని యంత్రములకు చేరలేదు. అచటి సమాచారము సేకరించు చిన్న ప్రోగ్రాము, లేని సర్వరును మరల మరల పిలుచుచు, పిలిచినకొలది మెమరీని పోగొట్టుకొనెను. సర్వరు దొరికినంతకాలము ఆ లీకు నిద్రించుచునే యుండెను. కావున లక్ష మార్లు పిలుచునప్పుడు సరియైన పదముతోనే గాక, చెల్లని పదముతోను పిలువుడని మా కోరిక.

ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. లీకు అను మాట విని బెదరిన విద్యార్థి కనబడిన చోటనెల్ల ఫ్రీ అని వ్రాయును. ఒకే స్థలమును రెండు మార్లు విడుదల చేయుటయు, విడుదల చేసినదానిని మరల వాడుటయు లీకుకంటె చెడ్డవి. ప్రోగ్రాము కూలిపోవును, లేదా కూలక తప్పుడు జవాబు ఇచ్చును, దుర్మార్గులకు దారి కూడ తెరచును. సీటైప్స్ ద్వారా పైథాన్ ఫంక్షనును సీ చేతికి ఇచ్చినప్పుడు, దానిని పైథాన్ ప్రక్కన ఎవరును పట్టుకొనియుండని యెడల అది ఊడ్చుకొనిపోయి, సీ పిలుచు సమయమునకు అచట ఏమియు ఉండదు. ఎంత విడువవలెనో తెలియుట ఎట్లో, ఎంతవరకు పట్టుకొనవలెనో తెలియుటయు అట్లే.

కమిటీ పెద్దలకు మా విన్నపము చిన్నది. ప్రస్తుతము మన ప్రాక్టికల్ పరీక్షలో ప్రోగ్రాము సరియైన జవాబు ఇచ్చిన మార్కులు ఇచ్చుచున్నాము. పది పుటల పరీక్షలో మా సూచిక ప్రోగ్రామునకు నిండు మార్కులు వచ్చెడివి. రెండు భాషలు కలిసిన ప్రాజెక్టులకైనను రికార్డు పుస్తకములో ఒక పుటను అప్పగింతల పట్టికకును, లక్ష పిలుపుల అంకెలకును కేటాయించి, ఆ పుటకు మార్కులు ఉంచవలెనని కోరుచున్నాము. వాల్‌గ్రిండ్ ఉచితముగా దొరకును. దీనికి పైకమేమియు అక్కరలేదు. 8 జీబీ మెమరీ కొరకు పెట్టిన అర్జీని మేము వెనుకకు పుచ్చుకొంటిమి. ఆ పైకమును ఏమి చేయవలెనో కమిటీవారి చిత్తము. ఉర్దూ విభాగమునకు ఒక స్కానరు కావలెనని మాత్రము విన్నాము.

పదముల సూచిక పూర్తియైనది. చెల్లని అక్షరముతో పిలిచినప్పుడు మాత్రము ఒక్క చోట ఇంకను కొన్ని బైట్లు పోవుచున్నట్లు వాల్‌గ్రిండ్ చూపుచున్నది. ద్వితీయ సంవత్సరపు విద్యార్థులిద్దరు దానిని పట్టుకొని కూర్చున్నారు.